పసికందు మందుకు లెక్క తప్పరాదు

ఏర్పేడు మండలంలో కాన్పు ఇంటి చీకటి గదిని వదలి ఆస్పత్రి మంచానికి చేరి ఏళ్లు గడిచాయి. మేర్లపాక అయినా, గుడిమల్లం అయినా, పాపానాయుడుపేట అయినా, నొప్పులు మొదలైన ఇల్లాలి కోసం నేడు మంత్రసానికి కబురు పెట్టేవారు లేరు. 108కు ఫోను చేస్తున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది సంతోషించదగిన విషయం. అయితే అదే సర్వే మరొక లెక్కను కూడా బయటపెట్టింది. రాష్ట్రంలో ప్రాణంతో పుట్టిన ప్రతి 1,000 మంది శిశువులలో సుమారు 20 మంది తొలి 28 రోజులు నిండకుండానే కన్నుమూస్తున్నారు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య సుమారు 25. తల్లి ఆస్పత్రికి చేరినంత మాత్రాన బిడ్డ గట్టెక్కినట్టు కాదని ఈ అంకెలు చెప్పకనే చెబుతున్నాయి.

పురిటి బిడ్డల ప్రాణాలు తీస్తున్నవి ముఖ్యంగా మూడు: నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, రక్తానికి సోకే విషక్రిములు. ఈ మూడింటిలోనూ బిడ్డను బతికించడానికి మందులు కావాలి. ఆ మందులు నేడు ప్రభుత్వ ఆస్పత్రులలో ఉన్నాయి. 2011 జూన్‌లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద జబ్బుపడిన నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, వాహనం అన్నీ ఉచితం. మందు ఉన్నదా లేదా అన్న ప్రశ్న చాలావరకు తీరిన తర్వాత, అంతకంటె సూక్ష్మమైన మరొక ప్రశ్న ముందుకు వస్తున్నది. ఆ మందును ఎవరు, ఎంత, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు ఇమ్మని రాస్తున్నారు? రాసిన దానిని సరిచూసే రెండో కన్ను ఉన్నదా? ఇది వైద్యుల సొంత వ్యవహారమని ప్రజలు ఊరుకోదగిన విషయం కాదు. పొత్తిళ్లలోని బిడ్డ నోరు తెరచి చెప్పుకోలేదు గనుక దాని తరఫున అడగవలసినవారు పెద్దలే.

బరువే కొలత

పెద్దలకు జ్వరం వస్తే ఉదయం ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర అని రాస్తే సరిపోతుంది. నలభై కిలోల మనిషికీ డెబ్భై కిలోల మనిషికీ తరచు అదే మాత్ర. పసికందు విషయం అలా కాదు. ప్రతి మందునూ బిడ్డ బరువుతో హెచ్చవేసి లెక్కకట్టాలి. బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో, పుట్టి ఎన్ని రోజులైందో కూడా ఆ లెక్కలోకి వస్తాయి. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గి, పది పన్నెండు రోజులకు మళ్లీ కోలుకుంటుంది. అంటే కొలమానమే రోజురోజుకూ మారుతూ ఉంటుంది.

ఆస్పత్రులలో పసిబిడ్డలకు నిత్యం వాడే జెంటామైసిన్ సూదిమందునే చూడవచ్చు. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇమ్మంటే, రెండున్నర కిలోల బిడ్డకు 12.5 మిల్లీగ్రాములు కావాలి. పిల్లల కోసం వచ్చే సీసాలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, దానిలోనుంచి 1.25 మిల్లీలీటర్లు తీయాలి. పెద్దలకు వాడే సీసాలో మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాములు ఉంటుంది, దానిలోనుంచి 0.31 మిల్లీలీటరు మాత్రమే తీయాలి. మొదటి సీసాకు వేసిన లెక్కతో రెండో సీసాలోనుంచి మందు తీస్తే బిడ్డ ఒంట్లోకి వెళ్లేది నాలుగు రెట్లు. దశాంశ బిందువు ఒకటి చెరిగిపోతే పది రెట్లు. పెద్దల సీసా ఒక్కదానిలో, అంటే 80 మిల్లీగ్రాములలో, ఇలాంటి పసిబిడ్డలు ఆరుగురికి సరిపడే మందు ఉంటుంది. ఎక్కువైన జెంటామైసిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది; చెవుడు కూడా తేవచ్చు. బిడ్డ ప్రాణంతో ఇంటికి వెళ్లినా, రెండేళ్ల తర్వాత మాటలు రావడం లేదేమని తల్లి దిగులుపడే దాకా ఆ సంగతి బయటపడదు.

నెలలు నిండని బిడ్డ అయితే లెక్క మరింత మారుతుంది. మూత్రపిండాలు ఇంకా పదును పడని ఆ దేహం మందును త్వరగా బయటికి పంపలేదు. అందుచేత అదే జెంటామైసిన్‌ను నిండు నెలల బిడ్డకు 24 గంటలకు ఒకసారి ఇస్తే, బాగా ముందుగా పుట్టిన బిడ్డకు 36 గంటలకో 48 గంటలకో ఒకసారి ఇవ్వాలని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. పక్క పక్క మంచాల మీద ఉన్న ఇద్దరు బిడ్డలకు, ఒకే జబ్బుకు, ఒకే మందు రెండు విధాలుగా ఇవ్వవలసి రావడం ఆశ్చర్యం కాదు. ఈ తేడా కాగితం మీద స్పష్టంగా కనబడకపోతే, రాత్రి విధులలో ఉన్న నర్సు దానిని ఎలా పసిగట్టగలదు?

పాత పాఠాలు

పసిబిడ్డ అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదన్న సంగతిని వైద్యశాస్త్రం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్నది. అమెరికాలో నెలలు నిండని బిడ్డలకు అంటురోగాలు సోకకుండా ముందుజాగ్రత్తగా ఒక సల్ఫా మందు ఇచ్చిన ఆస్పత్రిలో మరణాలు తగ్గకపోగా పెరిగాయి. 1956లో వెలువడిన ఆ పరిశోధన, సల్ఫా మందు వల్ల కామెర్ల పసరు మెదడుకు ఎక్కుతున్నదని బయటపెట్టింది. 1959లో క్లోరామ్‌ఫెనికాల్ వంతు వచ్చింది. పెద్దలలో టైఫాయిడ్‌ను జయించిన ఆ మందును పసికందులకు ఎక్కువ మోతాదులో ఇవ్వగా, వారి లేత కాలేయం దానిని అరిగించుకోలేక, శరీరం బూడిద రంగుకు తిరిగి బిడ్డలు మరణించారు. 1982లో మందు కూడా కాదు, సూదిమందు చెడకుండా కలిపే బెంజైల్ ఆల్కహాల్ అనే పదార్థమే నెలలు నిండని బిడ్డల ఊపిరి తీస్తున్నట్టు తేలింది.

ఆ వైద్యులు దుర్మార్గులు కారు. బిడ్డను ఎలాగైనా దక్కించుకోవాలన్న తపనతోనే ఆ మందులు రాశారు. మంచి ఉద్దేశం ఒక్కటే బిడ్డను కాపాడదని, కొలత, పరీక్ష, పునరాలోచన కూడా తోడు కావాలని ఆ సంఘటనలు లోకానికి చాటాయి.

లెక్క తప్పడం సంపన్న దేశాలలోనూ జరిగింది. 2006 సెప్టెంబరులో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో ఒక ఆస్పత్రిలో, రక్తం గడ్డకట్టకుండా సన్నని గొట్టాలను కడగడానికి వాడే హెపారిన్ మందు పలచనిదానికి బదులు పెద్దలకు వాడే చిక్కనిది పసిబిడ్డలకు అందింది. మిల్లీలీటరుకు 10 యూనిట్లు ఉండవలసిన చోట 10,000 యూనిట్లు. ముగ్గురు శిశువులు మరణించారు. రెండు సీసాలూ చూడడానికి ఒకే పోలికగా ఉండడమే ఆ పొరపాటుకు దారితీసింది. చదువు లేక కాదు, డబ్బు లేక కాదు, ఒకే పోలిక గల సీసాలు ఒకే చోటికి చేరడం వల్ల అంత ఘోరం జరిగింది.

అంత దూరం పోనక్కరలేదు. 2019 మార్చిలో హైదరాబాదులో, నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం రాకుండా ఇవ్వవలసిన పారాసిటమాల్‌కు బదులు, పెద్దలకు తీవ్రమైన నొప్పులకు వాడే ట్రామడాల్ మాత్రలు చేతికి ఇచ్చారు. పలువురు పిల్లలు నీలోఫర్ ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. ప్రాణనష్టమూ తప్పలేదు. వారు నెల దాటిన పిల్లలే అయినా, ఆ ఉదంతం చెప్పిన నీతి పురిటి గదికీ వర్తిస్తుంది. పసిపిల్లలు వచ్చే చోట వారికి అక్కరలేని పెద్దల మందు అందుబాటులో ఉండరాదు.

పురిటి గదిలో ఈ ప్రమాదం మరీ దగ్గరగా పొంచి ఉంటుంది. తల్లికి కావలసిన మందులు, బిడ్డకు కావలసిన మందులు ఒకే బల్ల మీద ఉంటాయి. పుట్టిన ప్రతి బిడ్డకూ రక్తస్రావం జరగకుండా విటమిన్ కె సూదిమందు 1 మిల్లీగ్రాము ఇవ్వాలి. కిలో కంటె తక్కువ బరువున్న బిడ్డకు అందులో సగం. పెద్దలకు వాడే సీసాలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. అంతకంటె భయంకరమైనది మరొకటి: కాన్పు తర్వాత తల్లికి రక్తస్రావం ఆపడానికి వాడే మిథైల్ ఎర్గోమెట్రిన్‌ను విటమిన్ కె అనుకొని బిడ్డకు ఇచ్చిన ప్రమాదాలు పలు దేశాల వైద్య పత్రికలకు ఎక్కాయి. రెండు వేర్వేరు పళ్లాలు, రెండు వేర్వేరు రంగుల చీటీలు ఉంటే తప్పిపోయే ప్రమాదమిది. దీనికి కోట్ల రూపాయల పథకం అక్కరలేదు.

చిన్న పాము, పెద్ద కర్ర

లెక్క సరిపోయినా మందు అవసరమా కాదా అన్నది మరొక ప్రశ్న. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని సామెత. యాంటీబయాటిక్ మందుల విషయంలో ఈ సామెతను పట్టుకుంటే కొంప మునుగుతుంది. పాలు సరిగా తాగని బిడ్డ, కొంచెం నలతగా ఉన్న బిడ్డ కనబడగానే, ఎందుకైనా మంచిదని పెద్ద మందులు మొదలుపెట్టడం, ఒకసారి మొదలుపెట్టిన తర్వాత ఆపడానికి జంకి వారం పది రోజులు సాగదీయడం దేశంలో పలుచోట్ల అలవాటుగా మారింది. వైద్యుల భయం అర్థం చేసుకోదగినదే. రక్తానికి విషక్రిమి సోకిన పసికందు కొన్ని గంటలలోనే చేయి దాటిపోతుంది. అనుమానం రాగానే మందు మొదలుపెట్టడం తప్పు కాదు, అది విధి. తప్పల్లా, మొదలుపెట్టిన తర్వాత రక్తపరీక్ష ఫలితం చూసి మళ్లీ ఆలోచించకపోవడంలో ఉంది.

దాని ఫలితం ఢిల్లీలో కళ్లకు కట్టింది. 2011 నుంచి 2014 వరకు అక్కడి మూడు పెద్ద ఆస్పత్రులలో 13,530 మంది నవజాత శిశువుల మీద జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. బిడ్డల రక్తంలో పట్టుబడిన క్రిములలో ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఇ.కొలై ముందు వరుసలో ఉన్నాయి. ఎసినెటోబాక్టర్ క్రిములలో నూటికి 82, క్లెబ్సియెల్లాలో నూటికి 54, ఇ.కొలైలో నూటికి 38 పలు మందులకు లొంగకుండా తయారయ్యాయి. మరీ కలవరపెట్టే సంగతి ఏమంటే, జబ్బులలో ఎక్కువ భాగం పుట్టిన మూడు రోజులలోపే వచ్చినవి. అంటే లోకంలోకి వచ్చిన బిడ్డకు మొట్టమొదట ఎదురవుతున్నది మందుకు లొంగని క్రిమి. మందు తినని బిడ్డ కూడా, ఊరంతా వాడిన మందుకు మూల్యం చెల్లిస్తున్నదన్న మాట. ఢిల్లీ లెక్కలు ఢిల్లీవే అయినా, క్రిములకు జిల్లా సరిహద్దులు లేవు. రోగుల తాకిడి ఎక్కువగా ఉండే ప్రతి పెద్ద ఆస్పత్రీ ఈ హెచ్చరికను చెవిన పెట్టాలి.

అనుమానంతో మందు మొదలుపెట్టినప్పుడు కారణం రాయాలి. వీలైన ప్రతిచోటా మొదటి మోతాదుకు ముందే రక్తం తీసి పరీక్షకు పంపాలి. రెండో రోజో మూడో రోజో ఫలితం చూసి, బిడ్డ తేరుకొని పరీక్షలో క్రిమి కనబడకపోతే మందు ఆపాలి. ఆపడం కూడా చికిత్సలో భాగమే. మందు ఎప్పుడు ఆపాలో తేదీ వేయని చీటీ సగం రాసిన చీటీ కిందే లెక్క.

మూడు మెట్ల ప్రయాణం

ఏర్పేడు వంటి మండలానికి ఈ సమస్యలో మరొక ముడి ఉంది. ఇక్కడి బిడ్డ ఒకే ఆస్పత్రిలో ఉండిపోదు. శ్రీకాళహస్తి–తిరుపతి దారి మీద ఉన్న ఈ మండలం నుంచి ఒకవైపు శ్రీకాళహస్తి ఏరియా ఆస్పత్రి, మరొకవైపు సుమారు పాతిక కిలోమీటర్లలో తిరుపతి ప్రసూతి ఆస్పత్రి, రుయా ఉన్నాయి. ప్రభుత్వ ఏర్పాటు కూడా మెట్ల వరుసగానే ఉంది. కాన్పు జరిగే ప్రతి చోటా నవజాత శిశు సంరక్షణ మూల, ఆ పైన స్థిరీకరణ కేంద్రం, జిల్లా స్థాయిలో ప్రత్యేక నవజాత శిశు చికిత్సా విభాగం. కింది మెట్టు మీద జబ్బు పసిగట్టి, మొదటి మోతాదు ఇచ్చి, పై మెట్టుకు పంపాలి. పైకి పంపే ముందు గ్రామ స్థాయిలోని ఏఎన్ఎం సైతం ప్రత్యేక పరిస్థితులలో జెంటామైసిన్ సూదిమందు ఇవ్వవచ్చునని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రాణం నిలబెట్టే మంచి నిర్ణయమది.

అయితే ఆ మొదటి మోతాదు సంగతి రెండో ఆస్పత్రికి ఎలా తెలుస్తుంది? ఇచ్చిన మందు పేరు, మోతాదు, ఇచ్చిన గంట, అప్పటి బిడ్డ బరువు రాసిన కాగితం బిడ్డతోపాటు వెళ్లకపోతే, అక్కడి వైద్యుని ముందు రెండే దారులు. ఇవ్వలేదనుకొని మళ్లీ ఇవ్వడం, లేదా ఇచ్చారనుకొని ఆపడం. మొదటిది మందును రెట్టింపు చేస్తుంది. రెండోది జబ్బుకు ఒక రోజు వదిలిపెడుతుంది. తల్లి కాన్పు అలసటలో వేరే మంచం మీద ఉంటుంది. బిడ్డను ఎత్తుకొని వచ్చిన అవ్వనో, కంగారులో ఉన్న తండ్రినో అడిగితే, ‘ఏదో సూది వేసినారు సార్’ అన్న జవాబు తప్ప వేరే రాదు. వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. చెప్పవలసింది కాగితం.

బిడ్డ ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే కథ. జ్వరం మందు పారాసిటమాల్ చుక్కల మందుగా దొరికేదానిలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌గా దొరికేదానిలో 25 మాత్రమే. సీసా మారితే మోతాదు నాలుగు రెట్లు అటో ఇటో అవుతుంది. పసిబిడ్డకు రోజుకు 400 యూనిట్లు ఇవ్వవలసిన విటమిన్ డి, పెద్దలకు వారానికోసారి తాగించే సీసాలో 60,000 యూనిట్లు ఉంటుంది. అంటే ఒక్క గుక్కలో 150 రోజుల మందు. చీటీ మీద ‘విటమిన్ డి’ అని మాత్రమే రాసి ఉంటే, దుకాణంలో ఏ సీసా చేతికి వస్తుందో దేవుడికే తెలియాలి. ఇంటికి వచ్చి చూసే ఆశా కార్యకర్తలు, ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను 42వ రోజు లోపల ఆరుసార్లు పరామర్శించాలని నియమం ఉంది. ఆ ఆరుసార్లూ బిడ్డ బరువుతోపాటు ఇంట్లో ఉన్న మందు సీసాను కూడా చూసి రావడం పెద్ద భారం కాదు.

చేతిరాత చిన్న విషయం కాదు

మందుల పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో, కంపెనీ పేరు కాక అసలు పేరుతో రాయాలని భారత వైద్య మండలి 2016లో నియమం చేసింది. ఇందుకోసం తెలుగు గడ్డ మీదనే, నల్లగొండకు చెందిన ఒక ఫార్మసిస్టు ఉమ్మడి హైకోర్టు తలుపు తట్టడం ఎందరికో గుర్తుండే ఉంటుంది. నియమం వచ్చి ఏళ్లు గడిచినా గొలుసుకట్టు రాత ఇంకా అంతరించలేదు. పెద్దవారి చీటీలో అర్థంకాని అక్షరం ఉంటే రోగి తిరిగి వెళ్లి అడుగుతాడు. పసికందు చీటీలో అర్థంకాని అంకెను ఎవరు అడుగుతారు?

అంకెలు రాయడంలోనూ పద్ధతి ఉంది. ఒక మిల్లీగ్రాము రాయాలంటే 1 అని రాయాలి, 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది. అర మిల్లీలీటరు రాయాలంటే 0.5 అని ముందు సున్నా పెట్టి రాయాలి. వట్టి చుక్క పెట్టి 5 వేస్తే అది 5గానే మిగులుతుంది. మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు రెండూ పక్కపక్కన రాయాలి. ఇవి పలు దేశాలలో ప్రాణాలు పోయిన తర్వాత కుదిరిన నియమాలు. వీటికి ఖర్చు లేదు, కావలసింది అలవాటు.

ఏర్పేడు మండలంలో ఐఐటీ, ఐసర్ వంటి జాతీయ విద్యాసంస్థలు కొలువై ఉన్నాయి. రెండూ 2015లో ప్రారంభమైనవే. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు అక్కడ క్లిష్టమైన గణితాన్ని సాధన చేస్తున్నారు. అదే మండలంలో పుట్టిన బిడ్డ ఒక దశాంశ బిందువు తప్పినందుకు బలి అయ్యే అవకాశం మిగిలి ఉండడం ఎంత విడ్డూరం! బరువు వేయగానే మోతాదు చూపే పట్టికను తయారుచేయడం, నర్సులకు పనికివచ్చేలా తెలుగులో అందించడం ఆ సంస్థలకు చిటికెలో పని. వైద్య కళాశాల పిల్లల వైద్యుల పర్యవేక్షణలో అలాంటి సాయం తీసుకోవడానికి జిల్లా యంత్రాంగం చొరవ చూపాలి.

సిబ్బందిని తిట్టి లాభం లేదు

ఇదంతా చెప్పినప్పుడు వైద్యులు, నర్సులు ఒక మాట అడుగుతారు. ‘ఒకరు చేయవలసిన పనికి ఒకరున్నారు గాని, పది మంది బిడ్డలను ఒక్కరే చూడవలసి వచ్చిన రాత్రి ఇన్ని లెక్కలకు తీరిక ఎక్కడిది?’ ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రమాణాల ప్రకారం నర్సులను నియమించకుండా, నియమించినవారిని వేరే విభాగాలకు బదలాయిస్తూ, తప్పు జరిగిన రోజున చేతికి అందిన నర్సును సస్పెండు చేసి చేతులు దులుపుకోవడం పరిపాలన అనిపించుకోదు. సస్పెన్షను ఉత్తరువు ఆ రోజు పత్రికలలో అచ్చవుతుంది. మర్నాడు అదే బల్ల మీద అవే రెండు సీసాలు పక్కపక్కనే ఉంటాయి.

లెక్కల తప్పులు ఎక్కడ దొర్లుతాయో పరిశోధకులు తేల్చారు. అమెరికాలో బోస్టన్ నగరపు రెండు ఆస్పత్రులలో పిల్లలకు రాసిన 10,778 మందుల ఉత్తరువులను పరిశీలించి 2001లో ప్రకటించిన అధ్యయనంలో 616 తప్పులు కనబడ్డాయి. హాని చేయగల తప్పులు పెద్దలతో పోలిస్తే మూడు రెట్లు; అందులోనూ నవజాత శిశు విభాగంలోని బిడ్డలకు ముప్పు ఎక్కువ. అలాంటి తప్పులలో అధిక భాగం మందు రాసేటప్పుడే జరిగాయి. వార్డులోనే ఒక ఫార్మసిస్టు ఉండి ఉత్తరువులను సరిచూస్తే వాటిలో నూటికి 94 ఆపవచ్చునని పరిశీలకులు అంచనా వేశారు. మన రాష్ట్రంలో ఫార్మసీ చదివిన యువకులకు కొదవ లేదు. వారిలో కొందరిని మందుల గది కిటికీ వెనుక నుంచి పసిబిడ్డల వార్డులోకి తీసుకురావడానికి ప్రభుత్వానికి ఉన్న అడ్డంకి ఏమిటో అర్థం కాదు.

తప్పు జరిగినప్పుడు భయపడి దాచిపెట్టే వాతావరణం కూడా మారాలి. మందుల వల్ల కలిగే హానిని నమోదు చేయడానికి 2010లో దేశవ్యాప్తంగా ఔషధ నిఘా కార్యక్రమం మొదలైంది. వైద్యులే కాదు, నర్సులు, ఫార్మసిస్టులు, తల్లిదండ్రులు సైతం 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. ఈ నంబరు ఎన్ని ఆస్పత్రుల గోడల మీద తెలుగులో కనబడుతున్నదో అధికారులు ఒకసారి తిరిగి చూడాలి. దాచిన తప్పు మరొక బిడ్డ కోసం కాచుకొని ఉంటుంది.

చేయవలసినది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో హానిలేని ఔషధ వాడకాన్ని ప్రపంచ లక్ష్యంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరు 17న రోగి భద్రతా దినాన్ని నవజాత శిశువులకు, పిల్లలకు అంకితం చేసింది. నవజాత శిశు మరణాలను 2030 నాటికి వెయ్యికి పది లోపలికి తేవాలని 2014లో భారత ప్రభుత్వం సంకల్పించుకున్నది. ఆ గడువు ఎంతో దూరంలో లేదు. దినాలు జరుపుకోవడంతో, గోడలకు బొమ్మలు అంటించడంతో లక్ష్యం నెరవేరదు. తిరుపతి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, వైద్య కళాశాల, ఏరియా ఆస్పత్రుల పర్యవేక్షకులు కూర్చుని ఒక నెలలో తేల్చగల పనులు కొన్ని ఉన్నాయి.

పసిబిడ్డ మందుల కాగితం మీద ఆ రోజు బరువు లేనిదే ఏ మందూ రాయరాదు, ఇవ్వరాదు. రాసిన మోతాదును మరొకరు విడిగా లెక్కకట్టి సంతకం చేయాలి. పసిబిడ్డలు ఉండే గదులలో పెద్దల మోతాదు సీసాలు ఉంచరాదు; పిల్లల మోతాదు సీసాలను కొరత లేకుండా, వేరే గుర్తులతో సరఫరా చేసే బాధ్యత రాష్ట్ర వైద్య సేవల సంస్థ తీసుకోవాలి. ప్రతి యాంటీబయాటిక్‌కు కారణం, పునఃపరిశీలన తేదీ, ఆపే తేదీ ఉండాలి. ఏర్పేడు నుంచి తిరుపతికి వెళ్లే ప్రతి బిడ్డ వెంట ఇచ్చిన మందుల చీటీ ఉండాలి. దాని నకలు తెలుగులో తల్లి చేతికి ఇవ్వాలి. ఆ చీటీ లేకుండా వాహనం కదలరాదు అని చెప్పడం మాత్రం తగదు. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డను ఆపరాదు. చీటీని దారిలోనైనా ఫోను ద్వారా పంపవచ్చు.

తల్లిదండ్రులు భయపడవలసిన పని లేదు. ఆస్పత్రి మందు వద్దని, ఊళ్లో తెలిసిన ఆర్.ఎం.పి. సూది మేలని అనుకుంటే అంతకంటె పెద్ద ప్రమాదం ఉండదు. విటమిన్ కె సూది, అవసరమైన యాంటీబయాటిక్, టీకాలు బిడ్డకు ప్రాణరక్షణ. వద్దనడానికి బదులు అడగడం నేర్చుకోవాలి. ‘నా బిడ్డ బరువెంత? ఈ మందు ఎందుకు? ఎన్నాళ్లు?’ ఈ మూడు ప్రశ్నలు అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. విసుక్కోకుండా జవాబు చెప్పడం ఆస్పత్రి విధి.

నిండు నెలల బిడ్డ అయినా, కిలోన్నర బరువుతో వచ్చిన బిడ్డ అయినా, తన లెక్క తాను సరిచూసుకోలేదు. ఆ లెక్కను రెండుసార్లు సరిచూడడానికి పట్టే కాలం ఒక్క నిమిషం. ఆ నిమిషానికి తగిన మనిషిని, కాగితాన్ని, అలవాటును ఏర్పాటు చేయడం అధికారుల చేతిలో ఉన్న పని. మీనమేషాలు లెక్కించకుండా ఆ పని వెంటనే మొదలుపెట్టాలి.